ముందు ఎలా ఉండేది

తలుపు పూర్తిగా పడలేదు, జానెడు సందు ఉంది. ఆ సందులోంచి మంచం కాలు ఒకటి, తెల్ల దుప్పటి అంచు, డాక్టరమ్మ బూటు మడమ కనిపిస్తున్నాయి గాని ఆయన భార్య కనిపించడం లేదు. బెంచీ మీద కాస్త ఎడమకు జరిగితే పాదమైనా కనబడుతుందేమోనని ఆయన జరిగాడు. కనబడలేదు. మళ్ళీ వెనక్కి జరిగితే పక్కనున్న బావమరిది చూసి ఏదో ఒకటి అంటాడని అక్కడే ఉండిపోయాడు. గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలైంది. గంట పడుతుందన్నారు. గంటసేపు ఆమెను కూర్చోబెట్టి, నిలబెట్టి, అడిగి, చూసి, లెక్కలు కట్టి, ఆవరణకు అవతలనున్న వార్డులోకి తీసుకోవాలో ఇంటికి పంపించెయ్యాలో తేలుస్తారు. అవతలి వార్డులో ఎనిమిదే మంచాలు. మెదడు దెబ్బతిన్నవాళ్ళను ఆరు వారాలు అక్కడ ఉంచుకుని, పొద్దునా మధ్యాహ్నమూ కూర్చుని, నడకా చెయ్యీ మాటా అఆల నుంచి నేర్పిస్తారట. అయితే కోలుకుంటారని లెక్క తేలినవాళ్ళకే ఆ మంచం. ఇవాళ ఒకటి ఖాళీ అయింది. దానికోసం ముగ్గురు వరసలో ఉన్నారు. మొదటి మనిషిని పొద్దున్నే చూసి ఇంటికి పంపేశారు. ఆమె రెండో మనిషి. ఇంటికి పంపిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. పక్క వీధిలో కుమ్మరాయన అలాగే ఇంటికొచ్చాడు, వచ్చిన మంచం మీదే ఉన్నాడు, ఇప్పుడాయన్ని గోడవైపు తిప్పాలన్నా ఇద్దరు పట్టాలి. లోపల డాక్టరమ్మ గొంతు వినిపించింది, కళ్ళు మూయండమ్మా అని. తర్వాత ఏమీ వినిపించలేదు. ఆయన బయట తన కళ్ళు తాను మూసుకున్నాడు, అలా మూస్తే లోపలి ఆమెకు ఏమైనా అందుతుందేమోనన్నట్టు. వెంటనే సిగ్గేసి తెరిచాడు.

ఆమె పడిపోయి ఇరవై ఆరు రోజులు. కొమ్మ మీది చిగురు కన్ను అంటు కడితే ఇరవై ఒకటో రోజుకే తెలిసిపోతుంది. ఆయన పని అదే, నలభై ఏళ్ళుగా, గులాబీలకూ నారింజలకూ అంటు కట్టడం. మంచి చెట్టు కొమ్మ మీదనుంచి ఒక్క కన్నును, ఆకు తుంచేసి తొడిమ మాత్రం ఉంచి, గోరంత బెరడుతో కోసి తీసి, అడుగుమొక్క బెరడు చీల్చి అందులోకి జారవిడవాలి. తర్వాత పట్టీ చుట్టి వదిలెయ్యాలి. మూడు వారాలు దాన్ని ముట్టుకోకూడదు. ఆపైన, పట్టీలోంచి పైకి పొడుచుకొచ్చిన తొడిమను చిటికెనవేలితో అలా తాకాలి. తాకగానే టపుక్కున రాలిపోతే కన్ను బతికినట్టు. ఎండి నల్లబడి, కదిపినా రాకుండా అతుక్కుని ఉంటే చచ్చినట్టు. కొత్తగా చూసేవాళ్ళకు ఇదంతా తలకిందులుగా ఉంటుంది, రాలిందేమో బతికిందంటాడు, పట్టుకున్నదేమో చచ్చిందంటాడు అని నవ్వుతారు. మనిషికి ఆ తొడిమ ఎక్కడుంటుందో. ఈ ఇరవై ఆరు రోజులూ ఆయన దానికోసమే ఆమెను వెతికాడు. కుడిచేతి గోళ్ళు చూశాడు, ఎడమచేతి గోళ్ళతో సమానంగా పెరుగుతున్నాయా అని. కుడి అరికాలి మీద ఈగ వాలితే కదులుతుందా అని చూశాడు. ఒకసారి ఆమె నిద్రలో ఉండగా కుడిచెవి తమ్మెను నెమ్మదిగా తాకి, ఏం తేలుతుందో తనకే తెలియక చెయ్యి తీసేశాడు. చెవి వెచ్చగా ఉంది. అది మాత్రం తెలిసింది.

ఆ రోజు పొద్దున కూడా ఆమె మాట్లాడుతూనే ఉంది. పంపు దగ్గర డబ్బాలు నింపుతూ ఆయన వీపుతో మాట్లాడుతోంది. ఆయన గులాబీ మడి పక్కన గొంతుక్కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. నీకు చెప్పడమూ ఒకటే ఆ సానరాయికి చెప్పడమూ ఒకటే, నిన్న ఆ చివరి వరసకి నీళ్ళు, అని అక్కడ ఆగింది. పెట్టలేదు అనబోయిందో, ఎక్కువ పెట్టావు అనబోయిందో. ఊపిరి తీసుకోవడానికి ఆగిందనుకున్నాడు. ఆమె మాటల మధ్య అలాంటి ఆగుళ్ళు ఉంటాయి, కాలవలో నీళ్ళు గట్టు ఎక్కే ముందు ఓ క్షణం నిలబడినట్టు. అందుకని తిరిగి చూడలేదు. కత్తిని ఇంకో అయిదారుసార్లు రాతి మీద లాగాడు. డబ్బా దొర్లిన చప్పుడుకు గాని మెడ తిప్పలేదు. ఎన్నిసార్లు లాగి ఉంటాడు. అయిదా ఆరా. ఇప్పటికీ చెవిలో ఆ గరగర వినిపిస్తుంది. లెక్కపెట్టబోతే ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. ఆ వరసకు నీళ్ళు తక్కువయ్యాయో ఎక్కువయ్యాయో కూడా ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఎవరిని అడగాలి, తెలిసిన మనిషి ఆమే.

నేల తుడిచే ఆవిడ వచ్చి కాళ్ళు ఎత్తమంది. ఎత్తారు. బావమరిది ఎత్తిన కాళ్ళతోనే, ఇలా ఎంతసేపు కూర్చుంటే మా బావకి కూడా వ్యాయామం అయినట్టు లెక్కమ్మా అన్నాడు. ఆవిడ నవ్వి, అయితే రోజూ రండి, నాకూ కాలక్షేపం అంది. బావమరిది బస్సు కండక్టరు. నోట్లో నువ్వుగింజ నానదు. అక్కకు తమ్ముడే. నిండిపోయిన బస్సును ఖాళీ ఖాళీ అని పిలిచి ఇంకో పదిమందిని ఎక్కించిన నోరు అది. ఈ ఇరవై ఆరు రోజులూ ఆయన పక్కన ఈ మాటల చప్పుడు ఉండబట్టి గాని, లేకపోతే ఏమైపోయేవాడో. అసలు ఆయన చెవులకు నిశ్శబ్దం అలవాటు లేదు. నోటికే అలవాటు.

తడినేల మీద కిటికీ వెలుగు పడింది. కిటికీ కింద కుండీలో ఒక మొక్క ఉంది, ఎవరో అక్కరతోనే పెట్టారు, కాని మట్టి కాండం మెడదాకా ఎగదోశారు. అలా ఉంటే మెడ దగ్గర కుళ్ళుతుంది. ఆయన లేచి వెళ్ళి వేలితో ఆ మట్టి పక్కకు లాగడం మొదలుపెట్టాడు. లాగుతుంటే మొదటి డాక్టరు గుర్తొచ్చాడు. పెద్ద ఆసుపత్రిలో, రెండో రోజు, సన్నగా పొడుగ్గా ఉన్న ఆయన ఆమె మెదడు ఫొటోను వెలుగుకు పట్టి చూపించాడు. ఇదిగో ఎడమవైపు రక్తనాళం చిట్లింది, ఈ తెల్లగా కనబడేదంతా చేరిన నెత్తురు, చిన్న నిమ్మకాయంత ఉందన్నాడు. వయసుకు ఇన్ని మార్కులు, నెత్తురు చేరిన మేరకు ఇన్ని, తీసుకొచ్చినప్పుడు ఉన్న స్పృహకు ఇన్ని, అని వేళ్ళ కణుపుల మీద కూడాడు. ఇలాంటివాళ్ళు నూరుమంది ఉంటే అరవైమంది నెల దాటుతారు, అందులో సగానికి తక్కువమంది ఏడాదికి తమ పని తాము చేసుకుంటారు, అన్నాడు. బావమరిది ఏడ్చాడు. ఆయనకు మాత్రం ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది. నిజం చెప్పేవాడి తీరు అదే. నూరు అంట్లు కడితే ఎన్ని బతుకుతాయని అడిగితే తనూ అలాగే చెప్తాడు. కాని అది మడికి చెప్పే మాట. మడిలో ఒక్క మొక్క దగ్గర కూర్చుని, నువ్వు నూటికి అరవైపాళ్ళు బతుకుతావే అంటే అదేం చేసుకుంటుంది. అది బతికితే మొత్తం బతుకుతుంది, పోతే మొత్తం పోతుంది. ఆమె బతికింది. నెలకు నాలుగు రోజులే తక్కువ, ఆ మొదటి లెక్క దాటినట్టే. ఇప్పుడు రెండో లెక్క.

కుండీ మట్టి తీసి గోళ్ళు పంచెకు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. పదింపావు. లోపల ఏదో వస్తువు చూపించి, దీని పేరేమిటమ్మా అని అడుగుతున్నారు. అది, అంది ఆమె. అది అన్న ఒక్క మాటే మిగిలింది ఆమెకు. నీళ్ళు కావాలన్నా అది, దుప్పటి కావాలన్నా అది, నొప్పైనా అది. మొదటివారం ఆ ఒక్క మాటకే ఆయన మురిసిపోయాడు. తర్వాత, రోజంతా మాట్లాడిన మనిషి మాటలన్నీ కలిసి ఆ ఒక్క గుక్కలోకి ముడుచుకుపోయాయే అనిపించి బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాడు. తోటకు కొనేవాళ్ళు వస్తే మాట్లాడేది ఆమే. ఆయన మొక్కల మధ్య వంగి ఉండేవాడు. ఎలా ఉందండీ ఈ రకం అని ఎవరైనా ఆయన్నే అడిగితే, పరవాలేదు, అనేవాడు. అంతకుమించి ఆయన నోట రాదు. అప్పుడామె వెనకనుంచి, పరవాలేదన్నాడంటే కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండి, ఏదో ఉందిలే అన్నాడంటే రెండో రకం, ఏమీ అనకుండా తల గోక్కున్నాడంటే మాత్రం ముట్టుకోకండి, అనేది. చుట్టుపక్కల పాతిక ఊళ్ళకు ఆ లెక్క తెలుసు. ఒకసారి కొత్త బట్టలు కట్టుకుని వచ్చి ఎలా ఉన్నానంది. పరవాలేదన్నాడు. ఆ మాట పట్టుకుని వారం రోజులు ఊరేగింది. మా ఆయన పరవాలేదన్నాడమ్మా, ఇంక నన్ను ఆపేవాళ్ళు లేరు, అని కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పింది. ఆయనకు చెవులు ఎర్రబడ్డాయి. కాని, బాగున్నావు అని మాత్రం ఆ రోజూ అనలేదు, ఏ రోజూ అనలేదు.

అనకపోవడానికి కారణం నాన్న. నాన్నదీ ఇదే పని. ఆయనకు పదేళ్ళప్పుడు నాన్న ఒక ఆసామికి నారింజ అంట్లు ఇస్తూ, ఈ చేతి మొక్క వమ్ము కాదు, ఏడో ఏట మీరే వచ్చి నా చెయ్యి పట్టుకుంటారు, అన్నాడు. ఏడో ఏట ఆ ఆసామి నిజంగానే వచ్చాడు. తోటంతా ఏపుగా పెరిగింది, కాయ మాత్రం పిందెలోనే రాలింది. అడుగుమొక్క రకం ఎక్కడో తేడా వచ్చింది. ఆసామి తిట్టలేదు. నాన్న చెయ్యి పట్టుకుని, ఏడేళ్ళు ఎదురుచూశానండీ మీ మాటమీద, అని మాత్రం అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నాన్న మొక్క గురించి మంచి మాట చెప్పడం మానేశాడు. నువ్వు చెప్పకురా, అదే చెప్పుకుంటుంది, నువ్వు చెప్తే అది అప్పవుతుంది, అనేవాడు. అప్పటినుంచి వాళ్ళింట్లో తమదన్నది ఏదైనా సరే ఒక మెట్టు తగ్గించే చెప్పేవారు. పంట బాగా పండితే ఏదో వచ్చింది. పిల్ల పరీక్షలో మొదటిది వస్తే తప్పలేదు. అందులో గొప్పేమీ లేదు, నామోషీ కూడా లేదు. వినేవాళ్ళు ఒక మెట్టు కలుపుకుని వినేవాళ్ళు, అంతే.

బావమరిదికి చేతులు ఊరికే ఉండవు. పిలిచినప్పుడు లోపలికి పట్టుకురమ్మని వార్డు ఆయా ఇచ్చిన ఫైలు వాళ్ళిద్దరి మధ్య బెంచీ మీద ఉంది. దాన్ని తీసి టికెట్ల కట్ట తిప్పినట్టు కాగితాలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. పెదవులతో చదివాడు. మళ్ళీ పైనుంచి చదివాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, గొంతు తగ్గించి మాట్లాడాడు.

“బావా, ఇది అక్క కాగితమేనా? పక్క మంచం ఆవిడది గాని ఇచ్చారా?”

ఏమైందన్నట్టు చూశాడు ఆయన. బావమరిది వేలు పెట్టి చదివాడు. జబ్బుకు ముందు ఎలా ఉండేది, అని పైన అచ్చులో ఉంది. కింద చేతిరాత. నడక: దగ్గర దూరం మాత్రమే. ఇంటిపని: కొంతవరకు. బయటిపని: భర్తకు చిన్న చిన్న సాయం. లెక్కలు, జ్ఞాపకం: అంతంతమాత్రం. మాట: అవసరమైనప్పుడు.

“అవసరమైనప్పుడా? మా అక్కా?” అన్నాడు బావమరిది. “మా అక్క ఒక పూట నోరు మూసుకుంటే ఏమైందోనని ఊరంతా చూడ్డానికి వస్తారు బావా.” అనేసి, ఊరంతా నిజంగానే చూడ్డానికి వచ్చి వెళ్ళారని గుర్తొచ్చి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఆయన కాగితం తన చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఒక్కో అక్షరమే చదివాడు, ఐదో తరగతి చదువు, ఎక్కడా అక్షరం పోనివ్వని చదువు. నిన్న మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుని అడిగింది. మంచి పిల్ల, తాతగారూ తాతగారూ అంటూ. అడిగే ముందు, ఎందుకు అడుగుతున్నదీ కూడా చెప్పింది. ముందు ఏ మెట్టుమీద ఉండేవారో తెలిస్తే తిరిగి ఎక్కడిదాకా ఎక్కగలరో అంచనా వేస్తామనీ, ముందే నీరసంగా ఉండే మనుషులైతే ఆరు వారాలు కష్టపెట్టడం దండగనీ, ఇంటిదగ్గరే ఉంచుకుని చూసుకోమంటామనీ. ఆయన తలూపాడు. అర్థమైంది కూడా. అర్థమై ఉండీ, ఎంత దూరం నడిచేవారని ఆ పిల్ల అడిగితే, ఎంతండీ, సంత దాకా, అన్నాడు. సంత ఆరు మైళ్ళు. ఆ పిల్లకు సంత అంటే వీధి చివర కూరగాయల బండ్లు. లెక్కలు చేసేవారా అంటే, ఏదో, మొక్కలు లెక్కపెట్టేది, అన్నాడు. ఇంట్లో పని చేసేవారా అంటే, చేతనైనంత. మీ పనిలో సాయం చేసేవారా అంటే, ఏదో చిన్న సాయం, అన్నాడు. మాట బాగుండేదా అన్నప్పుడు, పరాయి పిల్ల ముందు భార్యను వాగుడుకాయ అన్నట్టు అవుతుందని, అవసరమైతే మాట్లాడేది, అన్నాడు. ప్రతిదానికీ ఒక మెట్టు తగ్గించాడు. ఆ పిల్ల మెట్టు కలుపుకోలేదు. ఎందుకు కలుపుకుంటుంది. ఆ లెక్క ఆ పాతిక ఊళ్ళలోనే చెల్లుతుంది. వెనకనుంచి, ఆయన మాట వినకండి, అనే మనిషి ఏమో నోట మాట లేకుండా పక్కనే పడుకుని ఉంది. వింటూ ఉందా? కళ్ళు తెరిచే ఉన్నాయి నిన్న. కిటికీ వైపు చూస్తూ ఉంది. తను చెప్పేదంతా విని, ఇంతేనా నేను, అనుకుందా? నలభై ఏళ్ళు చేసిందంతా చిన్న చిన్న సాయం అని మొగుడి నోటితోనే విని, ఖండించడానికి అది అన్నది తప్ప మాట లేక, కిటికీ వైపు తిరిగిందా?

పదకొండు కావస్తోంది. బావమరిది లేచాడు, నేను వెళ్ళి చెప్తానుండు అని. ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. వీడు చెప్తే ఒక మెట్టు కాదు పది మెట్లు కలుపుతాడు, సంత అరవై మైళ్ళవుతుంది, ఏదీ నమ్మరు. తనే చెప్పాలి. లేచి నిలబడ్డాడు. నిలబడ్డాక కాలు ముందుకు పడలేదు. చెప్తే ఏమవుతుంది. గొప్పగా చెప్తాడు, ఆ మంచం ఇస్తారు, వరసలో మూడో మనిషికి లేకుండా పోతుంది. ఆ మూడో మనిషి ఎవరో ఆయన చూశాడు, నిన్న మెట్ల దగ్గర, నెలల పిల్లను ఎత్తుకున్న ఇల్లాలు, మొగుడు చక్రాల కుర్చీలో. ఆరు వారాలయ్యాక తన భార్య అలాగే ఉండిపోతే? మీ మాటమీద ఎదురుచూశామండీ అని డాక్టరమ్మ అంటే? అనదు, మనసులో అనుకుంటుంది, అది ఇంకా బరువు. ఆమె లేచి నడుస్తుందని ఎలా చెప్పగలడు. పొడుగు డాక్టరే చెప్పలేకపోయాడు. లోపల డాక్టరమ్మ మెల్లగా ఇంకెవరితోనో అంటోంది, చెప్పింది అర్థమవుతోందా లేదా అన్నది అనుమానమే, దానికి తోడు ముందునుంచీ చురుకైన మనిషి కాదట, నిన్న ఇంటాయనే చెప్పారట. ఆయన తలుపు తోశాడు.

ఆమెను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. కుడిచెయ్యి తలగడ మీద పెట్టి ఉంది, ఎవరిదో తెచ్చి అక్కడ పెట్టినట్టు. జుట్టు నీట్‌గా దువ్వారు గాని పాపట పక్కకు పోయింది. నిన్న అడిగిన అమ్మాయి కలం పట్టుకుని పక్కనుంది. అయిపోవచ్చింది, పిలుస్తాం కూర్చోండి, అంది డాక్టరమ్మ. ఆవిడ యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని ఉంది. ఆయన కదల్లేదు. కాగితం ముందుకు చాపాడు.

“ఇందులో ఉన్నది తప్పమ్మా.”

“ఏది తప్పు?”

“అంతా.”

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. మీరు చెప్పిందే రాశాను తాతగారూ, అంది. నువ్వు రాసింది ఒప్పే తల్లీ, నేను చెప్పిందే తప్పు, అన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి. ఆమె తనవైపు చూస్తోందో లేదో చూసే ధైర్యం లేదు, డాక్టరమ్మ బూటు వైపు చూస్తూ మొదలుపెట్టాడు. సంత ఆరు మైళ్ళన్నాడు. తట్ట నెత్తిన పెట్టుకుని వారానికి ఒకసారి వెళ్ళొచ్చేది, మొన్న మొన్నటిదాకా, పడిపోయే ముందు శుక్రవారం కూడా. నలభై రెండో ఏట సైకిలు నేర్చుకుంది, రెండుసార్లు కాలవలో పడింది, మూడోసారి నన్ను ఎక్కించుకుని నన్నే పడేసింది. లెక్కలంటే, మడి గట్టుమీద నిలబడి అటునుంచి ఇటు ఒకసారి చూసి వెయ్యిన్ని పదిహేడు అనేది, నేను కూర్చుని లెక్కపెడితే వెయ్యిన్ని పదిహేడే ఉండేవి. ఎవరు ఏ ఏడు ఏ మొక్క తీసుకెళ్ళారో, అది వాళ్ళ దొడ్లో ఏ మూలన ఉందో, పూసిందో లేదో, అన్నీ నోటికే. నాకు ఆ జ్ఞాపకం లేదు. నాకు అవసరం లేకపోయింది. పంపు మోటారు ఆగిపోతే విప్పి బిగించేది. ఇంటిపని చేతనైనంత అన్నాను, చేతకానిదేమిటో నేను ఇంతవరకు చూడలేదు. మాట అవసరమైతే అన్నాను. పొద్దున లేచినప్పటినుంచీ మాట్లాడేది. నేను మాట్లాడాల్సినవన్నీ కూడా తనే మాట్లాడేది. నేను ఇంత మాట్లాడటం, అని ఆగి, ఇదే, అన్నాడు.

ఎప్పుడు బూటునుంచి చూపు ఎత్తాడో ఆయనకే తెలియదు. చెప్తూ చెప్తూ డాక్టరమ్మకు చెప్పడం మర్చిపోయి ఆమెకే చెప్తున్నాడు. ఆమె చూస్తోంది. కిటికీ వైపు కాదు.

డాక్టరమ్మ కళ్ళజోడు కిందికి దించుకుంది. అన్నీ విన్నానండీ, అంది. కాని ఇవన్నీ తిరిగొస్తాయని నేను మాటివ్వలేను, మీరు ఆశ పెట్టుకుని తర్వాత బాధపడకూడదు, అంది. ఆ మాట వినగానే ఆయనకు ఎందుకో ఊపిరాడింది. ఆవిడా తనలాంటి మనిషే.

“వస్తాయని చెప్పడం లేదమ్మా,” అన్నాడు. “ఉండేవని చెప్తున్నాను.”

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ అమ్మాయి చేతిలోంచి కలం తీసుకుని, తనే అడగడం మొదలుపెట్టింది, ఒక్కొక్కటీ కొట్టేసి పక్కన రాస్తూ. చిన్న సాయం అన్నారే, ఏమిటా సాయం అంది. నేను కన్ను కోసి దూరుస్తాను, పట్టీ తను చుడుతుంది, అన్నాడు. ఏ చేత్తో అంటే, కుడిచేత్తో చుట్టి ఎడమచేత్తో ముడి, అన్నాడు. పట్టీ బిగుతైతే కన్ను నలిగిపోతుంది, వదులైతే గాలి దూరుతుంది, నేను చుడితే పదింటికి ఆరే బతుకుతాయి, తను చుడితే పోయేది ఒకటో అరో, అన్నాడు. వేళ్ళ పని అంత ఉందా అని డాక్టరమ్మ తనలో తాను అనుకున్నట్టు అని, రోజుకు ఎన్ని చుట్టేవారు, ఎక్కువలో ఎక్కువ, అంది.

“మూడు వందలు,” అన్నాడు.

డాక్టరమ్మ మూడు వందలని రాసింది. ఠప్పుమని చప్పుడైంది. ముగ్గురూ తలెత్తారు. ఆమె ఎడమ అరచేత్తో కుర్చీ చెయ్యి మీద కొట్టింది. కొట్టి, ఆయనకేసి చూస్తోంది, తోటలో కొనేవాళ్ళ ముందు ఆయన ఏదో తప్పు చెప్పినప్పుడు మడి అవతలనుంచి చూసే చూపు, నలభై ఏళ్ళుగా ఆయనకు మెడవెనక తగిలే చూపు. అది, అంది. కాదన్నట్టు తలూపింది. ఎడమచెయ్యి పైకెత్తింది. బొటనవేలు అరచేతిలోకి మడిచింది, మడవడానికి కాస్త సమయం పట్టింది, అది లొంగక ఒకసారి బయటికొచ్చింది, మళ్ళీ మడిచింది. మిగిలిన వేళ్ళు నిలబెట్టి, ఆయనకు కాదు, డాక్టరమ్మ కలానికి చూపించింది. నాలుగు వేళ్ళు.

ఏమిటమ్మా, అంది డాక్టరమ్మ. చెయ్యి దిగలేదు.

ఆయనకు అర్థమైంది. ఇంత చెప్పిన తర్వాత కూడా, చివరికి వచ్చేసరికి, అలవాటుగా, తెలియకుండానే.

“నాలుగు వందలు,” అన్నాడు. “నాలుగే. వంద నేనే తగ్గించాను.”

డాక్టరమ్మ ఆయన్ని చూసింది, ఆ చేతిని చూసింది, కాగితం చూసుకుంది. మూడు కొట్టేసి నాలుగు వేసింది. వేసి, కాగితం ఆమెవైపు తిప్పి చూపించింది. ఆమె ఆ అంకె మీద చాలాసేపు చూపు నిలిపి, సరే అన్నట్టు చెయ్యి దించింది. నోటికి ఎడమ మూల కాస్త పైకి లేచింది, కుడి మూల దాంతో రాలేకపోయింది. డాక్టరమ్మ ఆ గంటసేపూ రాసిన కాగితాలు వెనక్కి తిప్పి ఒక చోట ఆగి, అనుమానం అని రాసి ఉన్న మాటను కూడా కొట్టేసింది. అవతలి వార్డుకు ఫోన్ చేసి ఆ మంచం సాయంత్రం దాకా ఎవరికీ ఇవ్వద్దని చెప్పమని అమ్మాయిని పంపించింది. తర్వాత తన కుర్చీని ఆయన వైపునుంచి పూర్తిగా తిప్పుకుని, ఆమెకు ఎదురుగా, మోకాలికి మోకాలు తగిలేటంత దగ్గరగా లాక్కుంది. కాగితం మొదటికి తిప్పింది.

“ఇప్పుడు చెప్పండమ్మా,” అంది. “ఈయన ఇంకా ఏమేం తగ్గించాడు?”

ఆమె ఎడమచెయ్యి మళ్ళీ లేచింది.